ఆ చేతులు ఇప్పుడు లేవు

విడిది వాళ్ళు పంపిన కారు పెద్ద గేటు దాటి వరండా ముందు ఆగినా మేస్త్రీకి దిగబుద్ధి కాలేదు. మూడేళ్ళపాటు రోజూ ఈ చోటికి వచ్చినవాడు, ఆ గేటులోంచి మాత్రం ఒక్కసారీ రాలేదు. పనివాళ్ళ దారి వెనకవైపు ఉండేది. ఇసుక కుప్పలూ సున్నం తొట్లూ దాటుకుని రావాలి. డ్రైవరు దిగి వచ్చి తలుపు తీసి పట్టుకున్నాడు. ఒక మనిషిని అలా నిలబెట్టి ఉంచడం బాగుండదని మేస్త్రీ భార్యే ముందు దిగింది.

"దిగవయ్యా. మనకోసమే తీశాడు," అంది.

వాళ్ళ కూతురు ప్రయాణాల కంపెనీలో టిక్కెట్లు చూస్తుంది. పదేళ్ళు పనిచేసినందుకు కంపెనీ ఆమెకు ఏదో ఒక విడిదిలో రెండు రోజులు ఉండి రమ్మని చీటీ ఇచ్చింది. జాబితాలో ఈ పాత బంగళా కనబడగానే, "నేను వెళ్ళను, మీరిద్దరూ వెళ్ళండి. నాన్న కట్టిన గోడల మధ్య నాన్న ఒక్క రోజైనా పడుకోవాలి," అని పట్టుబట్టింది. కట్టింది తాను కాదనీ, పెచ్చులూడిపోతున్న గోడలకు మళ్ళీ సున్నం పూసి నిలబెట్టానంతేననీ మేస్త్రీ ఎన్నిసార్లు చెప్పినా ఆమె చెవికెక్కలేదు.

వరండా మెట్ల దగ్గర మేనేజరు ఎదురొచ్చింది. నలభై ఏళ్ళ మనిషి. నడుముకు తాళాల గుత్తి, కళ్ళకింద నల్లటి చారలు. చల్లటి తడి తువ్వాళ్ళు రెండు పళ్ళెంలో పెట్టి అందించింది. మేస్త్రీ మెడ తుడుచుకున్నాడు. తువ్వాలుకు అంటిన మురికి చూసి, అది లోపలికి పోయేట్టు మడిచి పెట్టాడు.

"ఇక్కడ ఏసీలు ఉండవండి," అంది మేనేజరు, రోజుకు పదిసార్లు అప్పజెప్పే పాఠం చెబుతున్నట్టు. "గోడలే చల్లగా ఉంచుతాయి. ప్లాస్టిక్ సీసాలు ఉండవు. దీపాలు ఎండ పట్టి వెలుగుతాయి. స్నానానికి మనిషికొక బకెట్టు వేణ్ణీళ్ళు. టీవీ లేదు. పాతకాలం వాళ్ళు ఎలా ఉండేవారో అలాగే."

"మా ఇంట్లోనూ అంతేనమ్మా," అంది మేస్త్రీ భార్య.

మేనేజరు ఆమె వైపు చూసి, అప్పుడు నవ్వింది.

గది పై అంతస్తులో. మెట్లెక్కుతూ మేస్త్రీ రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకున్నాడు. నలభై ఏళ్ళ సున్నపు దుమ్ము గుండెల్లో ఎక్కడో పేరుకుని కూర్చుంది. సంచీ భార్య మోసింది, ఎడమచేత్తో. ఆమె కుడిచెయ్యి భుజాన్ని దాటి పైకి లేవదు. ఇక్కడి పని అయిపోయిన ఏడాది నుంచీ అంతే. కీలు అరిగిందన్నాడు డాక్టరు. విశ్రాంతి ఇవ్వమన్నాడు. ఏ చేత్తో ఏ పని మానెయ్యాలో మాత్రం చెప్పలేదు.

గదిలోకి వెళ్ళగానే మేస్త్రీ మంచం వైపు చూడలేదు. గోడ దగ్గరికి వెళ్ళి వేలి కణుపులతో తట్టి, చెవి ఒగ్గి విన్నాడు. కిటికీ పక్కన, తలుపు పైన, మూలల్లో. ఎక్కడ తట్టినా నిండుగా పలికింది. నాలుగు వానాకాలాలు గడిచినా ఒక్కచోట డొల్ల పడలేదు.

"ఒక్క తట్ట సిమెంటు తగలనివ్వలేదు నేను," అన్నాడు.

ఆమె మంచం అంచున కూర్చుని, పరుపును అరచేత్తో నొక్కి చూస్తోంది. "ఇంత మెత్తని దాంట్లో పడుకుంటే లేవగలమంటావా?"

"అలిసిపోయావు. కాసేపు నడుం వాల్చు."

"అలిసిన మాట నిజమే. ఏం చేసి అలిసిపోయానో చెప్పుకోడానికే లేదివాళ," అంది ఆమె. చెప్పులు విడిచి మంచం కింద ఒకదాని పక్కన ఒకటి సర్ది, పక్క నలగకుండా ఒక పక్కకు ఒదిగి పడుకుంది.

సాయంత్రం టీ తరవాత అతిథులందరికీ బంగళా చూపిస్తామని కబురొచ్చింది. పదిమంది దాకా పోగయ్యారు. చూపించే ఆయన పొడుగ్గా, నెత్తిన గుడ్డ టోపీతో, చేతిలో కాగితాల కట్టతో బడిపంతులులా ఉన్నాడు. మంచి గొంతు. మేస్త్రీ టీ కప్పు పట్టుకుని గుంపు వెనక నడిచాడు. అతని పక్కన కళ్ళద్దాల ఆవిడ ఒకతె నడుస్తోంది. ఆమె గోళ్ళ చుట్టూ ఎండిన మట్టి ఉండటం మేస్త్రీ గమనించాడు. చేతి పని చేసేవాళ్ళ గోళ్ళ మీదికే పోతుంది అతని చూపు.

హాల్లో, కిటికీల్లోంచి ఎండ ఏటవాలుగా పడుతున్న గోడ దగ్గర టోపీ ఆయన ఆగాడు.

"ఒక్కొక్కరూ వచ్చి ఈ గోడ మీద చెయ్యి పెట్టి చూడండి. అద్దంలా లేదూ? రెండు వందల ఏళ్ళ నాటి పూత ఇది. ఒక్క రాయి, ఒక్క ఇసుక రేణువు చేతికి తగలదు. వేల కొద్దీ కోడిగుడ్ల తెల్లసొన కలిపేవారట. ఏ పాళ్ళలో కలిపేవారో ఎవరికీ తెలీదు. ఇలాంటి పని చేసే చేతులు ఇప్పుడు లేవండీ. వాళ్ళతోనే ఆ విద్య కూడా పోయింది."

మేస్త్రీ టీ కప్పు కిటికీ గట్టు మీద పెట్టేశాడు. పక్కన భార్య నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని ఊగిపోతోంది.

"వేల గుడ్లట," అంది అతని చెవి దగ్గర. "మధ్యాహ్నం డబ్బాలో ఒక్క గుడ్డుంటే చెప్పుకుని చెప్పుకుని తినేవాళ్ళం. అవన్నీ గోడ తినేసిందన్నమాట."

అతనికి నవ్వు రాలేదు. అతిథులు వరసలో వెళ్ళి గోడను తాకి వస్తున్నారు. కొందరు కళ్ళు మూసుకుని మరీ తాకుతున్నారు. కళ్ళద్దాల ఆవిడ చాలాసేపు నిలబడింది. తిరిగొస్తూ, మేస్త్రీ కదలకపోవడం చూసి, "వెళ్ళండి, మీరూ చూడండి. ఎంత నున్నగా ఉందో," అంది ఆదరంగా.

మేస్త్రీ వెళ్ళి, తను పూసిన గోడ మీద అరచెయ్యి పెట్టాడు.

"బాగుందండి," అన్నాడు.

గదికి తిరిగొచ్చాక చాలాసేపు కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుండిపోయాడు. బయట ఎండ చెట్ల మీదినుంచి దిగిపోతోంది. భార్య దుప్పటి మడత విప్పుతోంది.

"పోనీలే. గోడ బాగుందన్నారుగా," అంది.

"గోడ బాగుందన్నారు. నేను పోయానన్నారు."

"నువ్వొక్కడివేనా పోయింది," అంది ఆమె, దుప్పటి అంచు పరుపు కిందికి తోస్తూ. ఆ మాట మేస్త్రీ వినిపించుకోలేదు. రేపు ఆ టోపీ ఆయనతో ఏమని మొదలుపెట్టాలా అని ఆలోచిస్తున్నాడు.

*

మర్నాడు పొద్దున ఫలహారాల దగ్గర టోపీ ఆయన ఒంటరిగా దొరికాడు. రొట్టె మీద తేనె రాసుకుంటున్నాడు. మేస్త్రీ ఎదురుగా కూర్చుని, చేతులు రెండూ బల్ల మీద పెట్టాడు.

"సార్, నిన్న మీరు చూపించిన హాలు గోడ. అది రెండు వందల ఏళ్ళది కాదు. నాలుగేళ్ళ కిందట నేను పూశాను."

టోపీ ఆయన రొట్టె కింద పెట్టాడు. కోపం తెచ్చుకుంటాడనుకున్నాడు మేస్త్రీ. తెచ్చుకోలేదు. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"నాకు రాసిచ్చింది నేను చదువుతానండీ. అది తప్పని చెప్పేవాళ్ళు ఇంతవరకూ ఎవరూ రాలేదు. గుడ్ల సంగతి కూడా తప్పేనా?"

"ఒక్క గుడ్డు కూడా లేదు."

"అయ్యో. అందరికీ నచ్చేది అదేనండీ," అన్నాడాయన నిజంగానే దిగులుగా. తరవాత లేచి, "పదండి. మేనేజరమ్మతో మీరే చెప్పండి," అన్నాడు.

మేనేజరు గది చిన్నది. బల్ల మీద ఎండిన పూల కుండీ, సగం తాగి వదిలేసిన టీ. మేస్త్రీ చెప్పిందంతా ఆమె అడ్డు రాకుండా విన్నది. భార్య తలుపు దగ్గరే నిలబడింది, కూర్చోమన్నా కూర్చోలేదు.

"నేనొచ్చి ఎనిమిది నెలలండి," అంది మేనేజరు. "నాకు ముందు ఇద్దరు మారారు. ఆ కాగితం పట్నంలో ఆఫీసు నుంచి వస్తుంది. బాగుచేసినప్పటి ఫొటోల పుస్తకం ఒకటుంది, చూద్దాం."

బరువైన పుస్తకం. మొదటి పేజీలో ఆర్కిటెక్టు, రెండో పేజీలో యజమానులు, ఆ తరవాత బంగళా ముందూ వెనకా. పన్నెండో పేజీలో పరంజా కనబడింది. దాని మీద నిలబడి ఎవరో గోడ వైపు తిరిగి ఉన్నాడు. నీలం చొక్కా, చంకల దగ్గర తెల్లగా సున్నపు చారలు.

"ఇది నేనే. ఈ వీపు నాదే," అన్నాడు మేస్త్రీ. అతని వేలు ఆ నీలం చుక్క మీద ఆగింది.

అతని భార్య తలుపు దగ్గర్నించి వచ్చి పుస్తకంలోకి వంగి చూసింది. ఆ పేజీ చూసి, ముందు పేజీ తిప్పి, వెనక పేజీ తిప్పింది.

"ఏం వెతుకుతున్నావు?"

"ఏం లేదు. మిగతావాళ్ళు ఎక్కడైనా పడ్డారేమోనని."

మేనేజరు ఇబ్బందిగా కదిలింది. "నేను మిమ్మల్ని అనుమానించడం లేదండి. కానీ వీపు చూపించి ఆఫీసు వాళ్ళకి ఏం చెప్పను?"

మేస్త్రీ పుస్తకం మూశాడు. "ఉత్తరం నడవాలో దుప్పట్ల బీరువా ఉంది. నేను పని చేసినప్పుడు అక్కడ బీరువా లేదు. దాని వెనక గోడకి అడ్డంగా ఒక గీత ఉంటుంది, నడుమెత్తులో. జరిపి చూడండి."

బీరువా జరపడానికి నలుగురు కావలసివచ్చింది. ఒకవైపు మేస్త్రీ, టోపీ ఆయన, రెండోవైపు మేనేజరు, వంటగది నుంచి పరిగెత్తుకొచ్చిన వంటమనిషి. దుమ్ము లేచింది. మేస్త్రీ దగ్గుతూ పక్కకు వెళ్ళాడు. మేనేజరు తన చేతి దీపం వెలిగించి గోడ మీద వేసింది. సరిగ్గా నడుమెత్తులో, ఈ చివర నుంచి ఆ చివర దాకా సన్నటి గీత. పైన కొంచెం మసక, కింద మెరుపు.

"పై సగం పూశాక వాన వచ్చింది," అన్నాడు మేస్త్రీ, దగ్గు ఆగాక. "అప్పటికి ఈ నడవాకి కప్పు లేదు. కింద సగం మర్నాడు పూశాను. ఎంత చూసినా అతుకు కనబడుతూనే ఉంది."

"అతుకు కాదు," అంది అతని భార్య. "వానకి పైది మళ్ళీ మెత్తబడిపోయింది. మెరుపు పెట్టే రాయి ఆడలేదు దాని మీద. నేనప్పుడే ఆపమన్నా..."

"అదేలే, అదే చెబుతున్నా," అన్నాడు మేస్త్రీ. మేనేజరు వైపు తిరిగి, కప్పు ఎన్నాళ్ళు లేదో, టార్పాలిన్ ఎలా చిరిగిపోయిందో చెప్పడం మొదలుపెట్టాడు.

మేనేజరు గీత పొడుగునా వేలు పెట్టి నడిచింది. "రేపు పొద్దున పదింటికి కొత్తవాళ్ళకి బంగళా చూపించాలి," అంది చివరికి. "మీరే చెప్పండి. ఆఫీసుని అడగను. అడిగితే ఆలోచిద్దామంటారు. మీరు చెప్పింది ఈయన రాసుకుంటాడు. ఎల్లుండి నుంచి అదే చదువుతాడు."

టోపీ ఆయన తలూపాడు. "గుడ్లు తీసేస్తాను," అన్నాడు.

ఆ మధ్యాహ్నం మేస్త్రీకి తిండి సయించలేదు. వరండాలో కుర్చీ వేసుకుని, రేపు చెప్పబోయే మాటలు పైకే అనుకుంటూ కూర్చున్నాడు. పక్క కుర్చీలో భార్య కాళ్ళు చాపుకుని, కుడి భుజాన్ని ఎడమచేత్తో పట్టుకుని, మెల్లగా పిసుక్కుంటోంది.

"నేను వచ్చేసరికి ఈ హాల్లో గోడకి ఒక్క చోట కూడా పాత పూత లేదు. నేను సున్నాన్ని మూడు నెలలు తొట్లో మురగబెట్టాను..."

"నాలుగు."

"నాలుగు నెలలు మురగబెట్టాను. మొదటి పూత ముతక ఇసుకతో. రెండోది సన్న ఇసుకతో. మూడోది ఉత్త సున్నం, పాలరాతి పొడి. అప్పుడు మెరుపు..."

"మూడో పూత మీద మెరుపు రాదు. నాలుగోది వేశావు. గోరు మందం. గుర్తులేదూ? మూడో దాని మీద రాయి పెడితే గీతలు పడ్డాయని నేనే కదా..."

"ఇదిగో, మధ్యలో అందుకోకు. రేపు కూడా ఇలాగే అందుకున్నావంటే అందరూ నవ్వుతారు."

ఆమె భుజం పిసుక్కోవడం ఆపింది.

"సరే," అంది.

కాసేపటికి లేచి, చెప్పులు వేసుకుని తోటలోకి దిగింది. బంగళా పక్క గోడ వెంట నెమ్మదిగా నడుచుకుంటూ పోవడం మేస్త్రీకి కనబడింది. అరచెయ్యి గోడకు ఆనించి, నడిచినంత మేరా ఆనించే ఉంచింది. ఎండలో నడిచి కాళ్ళు లాగుతున్నాయేమో, ఆసరా పట్టుకుందనుకున్నాడు. మళ్ళీ తన మాటల్లో పడ్డాడు. ఈసారి ఎవరూ దిద్దలేదు గనక అన్నీ గడగడా వచ్చేశాయి.

*

మూడో రోజు పొద్దున పదింటికి హాలు నిండింది. కొత్తగా దిగినవాళ్ళతో పాటు కళ్ళద్దాల ఆవిడ కూడా మళ్ళీ వచ్చింది. మేస్త్రీ ఉతికిన చొక్కా వేసుకున్నాడు. సంచులు సర్దేసి కింద మెట్ల దగ్గర పెట్టారు. పదకొండింటికి వాళ్ళ కారు.

టోపీ ఆయన ముందుకొచ్చి, "ఇన్నాళ్ళూ ఈ గోడ గురించి నేను ఒక తప్పు చెబుతూ వచ్చానండి," అన్నాడు. తనకు కష్టమైన మాటే అయినా తడబడకుండా అన్నాడు. "ఇది పూసిన మనిషి మన మధ్యే ఉన్నారు. ఆయన మాటల్లోనే వినండి."

మేస్త్రీ గోడ ముందు నిలబడ్డాడు. గోడలు ఎలా ఉండేవో చెప్పాడు. సున్నం ఎలా మురుగుతుందో, వేలు ముంచితే వెన్నలా ఎప్పుడు అంటుకుంటుందో చెప్పాడు. పరంజా మీద ఎండలో నిలబడి, ఒక గోడ మొదలుపెడితే అది పూర్తయ్యేదాకా దిగకూడదనీ, దిగితే అతుకు పడుతుందనీ చెప్పాడు. తాపీ తిప్పే తీరు గాల్లో చేత్తో చూపించాడు. ఎవరూ కదలలేదు. చివర్న ఎవరో చప్పట్లు కొడితే అందరూ కొట్టారు. మేస్త్రీ తల వంచుకున్నాడు. చెవులు వేడెక్కాయి. నలభై ఏళ్ళలో అతని పని చూసి చప్పట్లు కొట్టినవాళ్ళు లేరు.

కళ్ళద్దాల ఆవిడ చెయ్యెత్తింది.

"నేను మట్టిపని చేస్తానండి. కుండ ఆరేటప్పుడు ఒక అదను ఉంటుంది. అంతకు ముందు రుద్దితే మట్టి లేచిపోతుంది. అది దాటాక రుద్దితే మెరుపు రాదు. గోడకీ అలాంటిదేదో ఉండాలి కదా. ఆ అదను మీకెలా తెలుస్తుంది?"

"చూస్తే తెలుస్తుందండి," అన్నాడు మేస్త్రీ.

"అంటే, రంగు మారుతుందా?"

"మారుతుంది. కొంచెం మారుతుంది." అతను గోడ వైపు చూశాడు, గోడ ఏమైనా అందిస్తుందేమో అన్నట్టు. "అదంతా చెయ్యి తిరగాలండి. చెబితే వచ్చేది కాదు."

"చెబితే వచ్చేది కాదు," అని మెచ్చుకోలుగా అనుకుంటూ టోపీ ఆయన కాగితం మీద రాసుకున్నాడు.

ఆ కలం కదలడం మేస్త్రీ చూశాడు. రేపటి నుంచి ఈయన ఈ గోడ ముందు నిలబడి, ఆ మంచి గొంతుతో ఈ మాటే చెబుతాడు. వినేవాళ్ళు కళ్ళు మూసుకుని గోడను తాకుతారు.

చివరి పూత అయ్యాక తను ఏం చేసేవాడు? పరంజా దిగేవాడు. తాపీ కడిగేవాడు. వెనక రేకుల నీడలో గోనెపట్టా మీద నడుం వాల్చేవాడు. లోపల్నించి గోడ మీద రాళ్ళు ఆడే చప్పుడు వినబడేది, ఎనిమిది రాళ్ళు, ఒక్కొక్కటీ ఒక్కో వేగంతో. మూడేళ్ళు, రోజూ మధ్యాహ్నం ఆ చప్పుడు వింటూ అతను కునుకు తీశాడు. లేచి, "అయిందా?" అని కేకేసేవాడు. "అయింది," అని లోపల్నించి జవాబొచ్చేది. అంతే. ఆ రెండు మాటల మధ్య ఏం జరిగేదో అతను ఎప్పుడూ వెళ్ళి చూడలేదు.

భార్య ఎక్కడుందా అని చూశాడు. స్తంభం పక్కన, అందరికంటే వెనక నిలబడి ఉంది. ఆమె చూపు నేల మీద ఉంది. అతను తప్పు చెప్పాడని ఆమెకు తెలుసు. నిన్న నెలల లెక్క తప్పితే ఊరుకోని మనిషి ఇవాళ పెదవి కదపలేదు.

"నాకు తెలీదండి," అన్నాడు మేస్త్రీ.

టోపీ ఆయన కలం ఆగింది.

"ఇప్పుడు చూస్తే తెలుస్తుందన్నాను కదా, అది ఊరికే అన్నాను. పూత నాది. ఈ మెరుపు నాది కాదు. నేను పూసేసి దిగిపోయేవాణ్ణి. ఆ తరవాత రాళ్ళు పట్టింది ఆడవాళ్ళు. ఎనిమిది మంది. వాళ్ళకి పెద్ద మా ఆవిడ." వెనక్కి చెయ్యి చూపించాడు. "అడగవలసింది ఆవిణ్ణి."

తలలన్నీ వెనక్కి తిరిగాయి. ఆమె స్తంభం వెనక్కి ఒక అడుగు వేసింది.

"ఇప్పుడెందుకయ్యా ఇదంతా," అంది. ఆ గొంతులో సంతోషం లేదు. బాగా అలిసిపోయి కూర్చున్న మనిషిని మళ్ళీ లేవమన్నప్పుడు ఉండే విసుగు ఉంది.

కళ్ళద్దాల ఆవిడ గుంపులోంచి వెనక్కి నడిచి ఆమె దగ్గరికి వెళ్ళింది. ప్రశ్న మళ్ళీ అడిగింది. ఈసారి ఇద్దరే ఉన్నట్టు, మామూలు గొంతుతో అడిగింది. మేస్త్రీ భార్య విన్నది. ఆ మట్టి గోళ్ళ వంక చూసింది.

"చెంపతో," అంది.

"ఏంటండీ?"

"చెయ్యి పనికిరాదమ్మా. పొద్దున్నించీ సున్నంలో నాని నాని దానికి ఏమీ తెలీదు. చెంప ఆనించాలి." ఆమె గోడ దగ్గరికి నడిచింది. జనం దారి ఇచ్చారు. పక్కకు తిరిగి గోడకు చెంప ఆనించి కళ్ళు మూసుకుంది. "చల్లగా తగిలిందా, ఇంకా ఆగాలి. చల్లదనం బొత్తిగా లేదా, దాటిపోయింది, ఇక ఎంత రుద్దినా దండగ. పసిపిల్లకి జ్వరం దిగేటప్పుడు నుదురుంటుంది చూశారా, అప్పుడప్పుడే చల్లబడుతూ? అలా తగలాలి. అప్పుడు రాయి పట్టాలి. పట్టాక ఆపకూడదు. ఏటి రాయి, మీ పిడికిలంత. కొంచెం సబ్బు నీళ్ళు."

"ఎంతసేపు?"

"చెయ్యి పడిపోయేదాకా," అంది ఆమె. నవ్వులాట కాదని అందరికీ తెలిసింది.

ఒకరిద్దరు వెళ్ళి గోడకు చెంప ఆనించి చూశారు. టోపీ ఆయన కాగితం వెనక్కి తిప్పాడు. "కొంచెం మెల్లగా చెప్పండమ్మా. ఆ ఎనిమిది మందీ ఎవరెవరు?"

"పేర్లు మీకేం తెలుస్తాయి. గోడలు చూపిస్తాను, రండి." ఆమె కిటికీ పక్కకు వెళ్ళి, వెలుగు ఏటవాలుగా పడే చోట వంగింది. "ఇక్కణ్ణించి చూడండి. చిన్న చిన్న అలల్లా ఉంది కదా. ఇది నవ్వులమ్మది. అలా అనేవాళ్ళం ఆమెని. నవ్వకుండా రుద్దలేదు. నవ్వినప్పుడల్లా చెయ్యి కదిలేది. ఈ కింద మూడడుగులూ ఒక కడుపుతో ఉన్న పిల్ల చేసింది. వంగలేదు, నిలబడలేదు, కూర్చునే చేసింది. ఏడో నెల దాకా వచ్చింది. అదిగో, ఆ పొడుగు గోడ ఇద్దరు తోడికోడళ్ళది. వాళ్ళకి మాటల్లేవు. చెరో చివర మొదలుపెట్టేవాళ్ళు. మధ్యలో కలిసే చోటు మాత్రం ఇద్దరూ ముట్టేవాళ్ళు కాదు. అక్కడ నేను రుద్దేదాన్ని."

ఎవరో నవ్వారు. మేనేజరు తలుపుకు ఆనుకుని నిలబడి వింటోంది. ఆమె తాళాల గుత్తి చప్పుడు కాకుండా గుప్పిట్లో పట్టుకుంది.

మేస్త్రీ తన భార్య దగ్గరికి జరిగాడు. "నవ్వులమ్మ అంటే, మన ఇంటికి ఓసారి వచ్చింది, పొట్టిగా ఉంటుంది, ఆమేనా? ఎక్కడుందిప్పుడు?"

"పోయింది. పోయినేడు."

"నాకు చెప్పలేదేం?"

"చెప్పాను," అంది ఆమె గోడ మీంచి చూపు తిప్పకుండా. "నువ్వు అన్నం తింటున్నావు. ఊఁ అన్నావు."

గుంపు నడవా వైపు కదిలింది, ఆమె వెనకాలే. టోపీ ఆయన పక్కన నడుస్తూ రాసుకుంటున్నాడు. బయట కారు వచ్చి ఆగిన చప్పుడైంది. మేనేజరు మేస్త్రీ వైపు చూసింది, చెప్పనా అన్నట్టు.

"డ్రైవర్ని కాసేపు కూర్చోమనండి," అన్నాడు మేస్త్రీ. "ఇంకా నాలుగు గోడలున్నాయి."

అతని కాళ్ళు పీకుతున్నాయి. అయినా నడవాలోకి వెళ్ళి గోడ దగ్గర నిలబడ్డాడు, ఎప్పుడూ నిలబడే చోటే, పని చూసుకునేవాడు నిలబడినట్టు అందరికంటే ముందు. ఆమె గోడ మొదట్లో మోకాళ్ళ మీద కూర్చుని, రాయి పట్టే తీరు చూపిస్తోంది. ఎడమచేత్తోనే చూపిస్తోంది. కుడిచెయ్యి ఒళ్ళో పడి ఉంది. ఆ చేత్తో ఆమె ఇక్కడ ఎన్ని గోడలు రుద్దిందో మేస్త్రీ మనసులో మొదటిసారి లెక్క వేసుకోబోయాడు. మూడో గోడ దగ్గర లెక్క తప్పింది.

వెనకనుంచి ఎవరో అతని భుజం మీద మెత్తగా తట్టారు. నిన్న రాత్రి దిగిన పెద్దాయన.

"కొంచెం పక్కకి జరుగుతారా? ఆవిడ చేసేది కనబడటం లేదు."

"ఆఁ, జరుగుతానండి," అన్నాడు మేస్త్రీ. జరిగి, అందరి వెనక్కి వెళ్ళి, అక్కణ్ణించి కనబడక మడమలెత్తి నిలబడ్డాడు.